ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు: సర్కారు బడి పుస్తకానికి నా రివ్యూ

ఫోన్లకీ మిక్సీలకీ రివ్యూలు రాసేవాళ్లు బోలెడుమంది. ఏటా బళ్లు తెరవగానే పైసా ఖర్చు లేకుండా లక్షల ఇళ్లలోకి వచ్చే వస్తువు ఒకటుంది, దాన్ని రోజూ వాడి చూసి బాగుందో లేదో రాసినవాళ్లు మాత్రం నాకు తగల్లేదు. రాసేదంతా రాజకీయమే. ఇంగ్లీషు మీడియం లేకపోతే పేదోడికి బతుకు లేదనేవాళ్లు ఒక గుంపు, తెలుగు చచ్చిపోతోందని గుండెలు బాదుకునేవాళ్లు ఇంకో గుంపు. రెండు గుంపుల్లోనూ చాలామంది ఇళ్లలో ఆ పుస్తకం ఉండదు, వాళ్ల పిల్లలు ఆ బడికి వెళ్లరు గనక. మా ఇంట్లో ఉంటుంది. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో మాదొక చిన్న ఊరు. సాయంత్రం పూట మా వరండాలో ట్యూషన్ చెబుతాను, ఆరు నుంచి పది దాకా పిల్లలొస్తారు, ఎక్కువమంది సర్కారు బడి, కొద్దిమంది ప్రైవేటు. వాళ్ల సంచుల్లోంచి బయటికొచ్చే పుస్తకాలతోనే నా పని.

తెలీనివాళ్ల కోసం ముందు వస్తువేంటో చెప్తాను. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లీషు పాఠం ఉంటుంది, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. బొమ్మ రెండుచోట్లా, లెక్క రెండుచోట్లా, చివర ప్రశ్నలూ రెండుచోట్లా. లెక్కలు, సైన్సు, సోషల్ ఇలా ఉంటాయి, భాషల వాచకాలకు ఈ అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా మొదలుపెట్టి తర్వాత పై తరగతులకు పెంచుకుంటూ పోయారు. తెలంగాణలో 2022-23లో సర్కారు బళ్లన్నిట్లో ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు అక్కడా ఇదే పద్ధతి పట్టారు. మహబూబ్‌నగర్ వైపు మా చుట్టాలమ్మాయి పుస్తకం చూశాను, బొమ్మలు వేరేగానీ ఐడియా ఒకటే. పేపరు, రంగులు రెండుచోట్లా ప్రైవేటు పబ్లిషర్ల పుస్తకాలకేం తీసిపోవు. పాఠానికో క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఇంట్లో ఫోను నాన్న జేబులో ఉంటే అది ఉత్త చదరపు బొమ్మే.

ఇక అసలు సంగతి. ఇది పనిచేస్తుందా?

లాభనష్టాల లెక్కలు చేస్తున్నారు ఏడో తరగతి పిల్లలు. అందులో ఒకమ్మాయి ఇంగ్లీషు పేజీలో లెక్క చదివి, పెన్ను మూత పెట్టేసి, “అక్కా, ఇది మాకు చెప్పలేదు” అంది. ఆ అమ్మాయి వాళ్ల నాయన టమోటా వేస్తాడు, బాక్సు ఎంతకు పోతే కూలీలు, బాడుగ పోను చేతికెంతొస్తుందో ఈమె నోటితో చెప్పగలదు. అట్లాంటి పిల్లకు లాభం రాదా? నేనేం వివరించలేదు, పెన్సిల్‌తో ఎదురు పేజీలో అదే నంబరు లెక్క చూపించానంతే. పెదాలు కదుపుతూ చదివింది, “ఓ, కొన్న వెలనా” అంది, నేను పక్కనున్న పిల్లాడి గ్రాఫు చూసి తలెత్తేసరికి జవాబు వేసేసింది. వేసి ఊరుకోలేదు, మళ్లీ ఇంగ్లీషు పేజీకొచ్చి ఏ మాట దేనికో వేలుపెట్టి జత చూసుకుంది. స్టెప్పులు ఇంగ్లీషులోనే రాసింది. తర్వాతి లెక్కకు ఎదురు పేజీ చూడలేదు.

ఈ ఒక్క ఫీచరు కోసమే పుస్తకానికి సగం మార్కులు ముందే ఇచ్చేస్తాను. లెక్క రాకపోవడం వేరు, లెక్క అడిగిన వాక్యం అర్థం కాకపోవడం వేరు. ఒకే భాష పుస్తకంతో చదివే పిల్లాడి విషయంలో ఈ రెండూ కలిసిపోయి, వాడు మొద్దు అని తేల్చేస్తాం. ఇక్కడ రెండు నిమిషాల్లో తేడా తెలిసిపోతుంది. మా దగ్గరికి వచ్చే ప్రైవేటు బడి పిల్లాడి వాళ్లమ్మ, పక్కింటి పిల్ల సైన్సు పుస్తకం అడిగి తీసుకుని తెలుగు పేజీలు మాత్రం జిరాక్స్ తీయించుకుంది. ఫీజు కట్టేవాళ్లు సర్కారు పుస్తకం అప్పు అడగడం నేను ఇంతకుముందెప్పుడూ చూళ్లేదు.

ఇదేదో నిన్నమొన్నటి సమస్యకు మందు అనుకుంటే పొరపాటు. అర్థం కాకుండా చదవడం మా ప్రాంతంలో ఎంత పాతదో చెప్పే కాగితం ఒకటుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బళ్లెన్ని ఉన్నాయి, ఎంతమంది చదువుతున్నారు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ లెక్కలడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు వాటిల్లో బాగా పేరుపడ్డది. 1882 దాకా మా అనంతపురం కూడా బళ్లారి జిల్లాలో భాగమే, కాబట్టి అది మా ఊళ్ల లెక్క కూడా. జిల్లా మొత్తం మీద 533 బళ్లు, 6,641 మంది పిల్లలు. వాటిలో కన్నడ బళ్లు 235, తెలుగు బళ్లు 226. ఆడపిల్లలు అందరూ కలిపి 60 మంది. ఆరువేల పైచిలుకులో అరవై!

పొద్దున్నే బడికి అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లట, రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు తిట్టూ లేదు, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఆలస్యం పెరిగే కొద్దీ దెబ్బలూ పెరిగేవి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతిని కలెక్టరు దొర మెచ్చుకున్నాడు. మెచ్చుకోనిది పుస్తకాల్ని. బడిలో చదివేవన్నీ పద్యాలు, ఆ భాష ఇంట్లో మాట్లాడేది కాదు, బజార్లో రాసేదీ కాదు, అక్షరాలు ఒకటే గనక పిల్లలు గడగడా చదివేస్తారు గానీ ఒక్క ముక్కా అర్థం కాదు అని రాశాడు. ఆ పేరా చదివాక నాకు మా వరండానే కనబడింది. అక్కడ పద్యం, ఇక్కడ ఇంగ్లీషు.

బళ్లు తగ్గిపోతున్నాయనీ, జనం పేదరికంలో పడి పిల్లల్ని చదివించుకోలేకపోతున్నారనీ కూడా ఆ కలెక్టరు దాచకుండా రాశాడు. ఆయన పై అధికారులు ఏం నేర్చుకున్నారో తర్వాతి చరిత్ర చెబుతుంది. 1835లో ఇంగ్లీషు చదువుకే సర్కారు సొమ్ము పెట్టాలన్న మెకాలే మినిట్ (నోటు), 1854లో చదువుల మీద లండన్ నుంచి వచ్చిన ఆదేశం, ఉడ్స్ డిస్పాచ్. రెండోది కాగితం మీద పాపం బాగానే ఉంటుంది, కింద దేశభాషల్లో చెప్పండి, పైన ఇంగ్లీషులో చెప్పండి అంది. కింది మెట్టు నుంచి పై మెట్టుకు పిల్లాడు ఎట్లా ఎక్కాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఇంట్లో ఇంగ్లీషు చెప్పేవాళ్లున్నవాడు ఎక్కాడు, లేనివాడు ఆగిపోయాడు, కొంచెం అటూ ఇటూగా 2019 దాకా మన చదువు కథ ఇదే.

మధ్యలో ఒక మంచి ప్రయత్నం జరిగింది, అది చెప్పకపోతే ఈ పుస్తకంలో తెలుగు పేజీ గురించి నేను తర్వాత చేయబోయే కంప్లయింటు మీకు అర్థం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తరాంధ్ర వైపు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయనకు, జనం మాట్లాడే తెలుగుకీ బడి పుస్తకంలో ఉన్న తెలుగుకీ పొంతన లేదేంటని అనుమానం వచ్చింది. గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు రామమూర్తి ఆ ముడిని పట్టుకున్నారు. గిడుగు పర్లాకిమిడిలో మాస్టారు. అప్పటికే ఆ కొండల్లోని సవర గిరిజనులతో కలిసి తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు తయారుచేసిన మనిషి. పరీక్షల్లో వాడుక భాష రాయనివ్వండి అంటే పండితులు ఊరుకోలేదు, సభలు పెట్టి, కమిటీలు వేయించి, వచ్చిన సడలింపును కూడా వెనక్కి లాగించారు. ఇప్పుడు ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి దండలేస్తాం. దండ వేసి వచ్చి అదే ఆఫీసులో కూర్చుని పిల్లల పుస్తకంలో ఎట్లాంటి తెలుగు రాస్తామో కాసేపట్లో చూద్దాం.

నిజాం వైపు కథ వేరు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో మొదలైంది. దేశభాషలో యూనివర్సిటీ చదువు చెప్పొచ్చని చూపించింది, అందుకోసం ప్రత్యేకంగా అనువాద శాఖ పెట్టి పుస్తకాలు తర్జుమా చేయించారు, ఆ మెప్పు ఇవ్వాల్సిందే. కానీ సంస్థానంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, తర్వాత మరాఠీ, కన్నడ. వాళ్లకు ఉర్దూ కూడా ఇంకో ఇంగ్లీషే. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల బడి పెడితే, గుర్తింపు కోసం పూణేలో కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయం దాకా వెళ్లాల్సి వచ్చింది. సొంత ఊళ్లో సొంత భాషలో పదో తరగతి చదవడానికి పూణే ముద్ర కావాలి, చూడండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక లోలకం ఇటు తిరిగింది. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం, 1968లో తెలుగు అకాడమీ, దానికి మొదటి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. ఇంటరు, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వచ్చాయి. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల (అక్కడే ఉండి చదివే సర్కారు బడి), మరుసటి ఏడు తాడికొండలో, మా సీమలో కొడిగెనహళ్లిలో. ఆ గురుకులాల నుంచి తెలుగులో చదివి పెద్ద పెద్ద ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఎంతమందో. అది గొప్ప కాలమే, కాదనను. కాకపోతే అదే కాలంలో కాస్త డబ్బున్న ప్రతి ఇంటివాళ్లూ పిల్లల్ని కాన్వెంటుకు పంపడం మొదలుపెట్టారు, తెలుగు మీడియం గొప్పదని ఉపన్యాసమిచ్చినవాళ్లతో సహా. ఊళ్లో జనానికి కళ్లుండవా? చూశారు.

నేను తొంభైల్లో తెలుగు మీడియంలో పదో తరగతి చదివాను. ఇంటర్లో ఇంగ్లీషు మీడియం. మొదటి మూడు నెలలు ఫిజిక్స్ క్లాసులో కూర్చుని, బోర్డు మీద ఉన్నది వర్కా, పవరా, ఫోర్సా అని వెతుక్కోవడంతోనే సరిపోయింది. పని, సామర్థ్యం, బలం నాకు క్షుణ్ణంగా తెలుసు, జిల్లా పరిషత్ స్కూల్లో సార్లు అట్లా చెప్పారు. తెలిసినదాన్ని తెలియనిదానిలా చూడాల్సి వచ్చింది. నా పక్కన కూర్చున్న ఇద్దరు అక్టోబరు కల్లా మానేశారు, ఇద్దరూ నాకంటే లెక్కలు బాగా చేసేవాళ్లు. అప్పుడు ఈ పుస్తకం లాంటిది ఒక్కటి ఉండి ఉంటే వాళ్లు ఆగేవాళ్లు. నేను రివ్యూలో ఎమోషనల్ అవుతున్నట్టుంది, సరే, ముందుకు పోదాం.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో సక్సెస్ స్కూళ్లు అనే పేరుతో 6,500 ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచారు. ఐదో తరగతి దాకా తెలుగు, ఆరులో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం. సార్లు అదే సార్లు. మా ఊరి దగ్గర ఒక బడిలో పేరుకు ఇంగ్లీషు మీడియం సెక్షను ఉండేది, పాఠం మాత్రం తెలుగు సెక్షను వాళ్లతో కలిపి తెలుగులోనే చెప్పేవాళ్లు, పరీక్షకు ముందు ఇంగ్లీషు నోట్సు బట్టీ. తప్పు సార్లది అనలేం, పిల్లలకు అర్థమవ్వాలి కదా అని అట్లా చేసేవాళ్లు. వాళ్లు నోటితో చేసిన పనే పుస్తకంలో అచ్చేయడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

ఆ తర్వాతిది అందరికీ గుర్తుండే ఉంటుంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వచ్చే ఏడు నుంచి ఇంగ్లీషు మీడియమే అని జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, ఏ మీడియం అనేది తల్లిదండ్రులూ పిల్లలూ తేల్చుకోవాల్సింది అంది. సర్కారు తల్లిదండ్రుల్ని అడిగింది, 96 శాతం మంది ఇంగ్లీషే కావాలన్నారని చెప్పింది, సుప్రీం కోర్టుకు వెళ్లింది. అదే ఏడు జులైలో వచ్చిన జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పండి అంది, అదే కాగితంలో సైన్సుకీ లెక్కలకీ రెండు భాషల పుస్తకాలు తేవాలనీ అంది. అక్టోబరులో విద్యాకానుక కిట్టు వచ్చింది, బూట్లు, బ్యాగు, యూనిఫాం బట్టతో పాటు ఈ పుస్తకం. కోర్టులు, జీవోలు, టీవీ చర్చలు అన్నీ “ఇదా, అదా” అని కొట్టుకుంటుంటే, పుస్తకం చడీచప్పుడు లేకుండా రెండూ పెట్టుకుని వచ్చేసింది.

దీన్ని నేను మెచ్చుకోవడానికి కారణం అదే. ఇది ఎవరినీ తేల్చుకోమనదు. 96 శాతం అన్నారే, ఆ తల్లిదండ్రులు అబద్ధం చెప్పలేదు, పిల్లకు ఇంగ్లీషు రావాలి అన్నారు. పిల్లకు పాఠం అర్థం కాకపోయినా ఫరవాలేదని ఎవరూ అనలేదు, ఆ ప్రశ్న వాళ్లనెవరూ అడగలేదు కాబట్టి. ఆ అడగని ప్రశ్నకు ఎదురు పేజీ జవాబు.

సర్కారు మారింది. కిట్టు పేరు మారింది, ఇప్పుడది సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర. (ఆయన మా అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పారు, ఆ మాట మేం ఏ సందు దొరికినా చెప్పుకుంటాం.) వెయ్యి బళ్లను సీబీఎస్ఈకి మార్చారు, మళ్లీ రాష్ట్ర బోర్డుకే తెచ్చారు. పిల్లల ఇంగ్లీషుకు పెట్టే టోఫెల్ పరీక్ష వచ్చింది, పోయింది. తెలంగాణలో 2024 జూన్‌లో తెలుగు వాచకాల ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరే అచ్చయి వస్తే, పంచిన పుస్తకాలు వెనక్కి తెప్పించి ఆ పేజీలు అంటించారు. ఇంత గోలలోనూ రెండు భాషల పుస్తకాన్ని రెండు రాష్ట్రాల్లోనూ ఏ సర్కారూ తీసేయలేదు. మన దగ్గర ఒక విద్యా పథకం ముఖ్యమంత్రి మారినా బతికిందంటే, దానిలో ఏదో సరుకుందనే లెక్క.

సరే, లోపాలు. బాగానే ఉన్నాయి.

ఒకటి, తెలుగు పేజీలో తెలుగు. ఇంగ్లీషు వాక్యాన్ని ముందు పెట్టుకుని మాటకు మాట దించినట్టుంటుంది చాలాచోట్ల. “ఏ ప్రక్రియలో అయితే ఫలానాది జరుగుతుందో ఆ ప్రక్రియ ఫలానా అని పిలువబడుతుంది.” పిలువబడడం, నిర్వచించబడడం, గమనించబడడం. మా వరండాలో ఏ పిల్లా ఇట్లా మాట్లాడదు, ఏ సారూ ఇట్లా చెప్పడు. ఎనిమిదో తరగతి పిల్లాడు సైన్సు పేరా ఒకటి తెలుగులో చదివి, అర్థంకాక ఇంగ్లీషు వైపు వెళ్లి, “అక్కా, ఇదే ఈజీగా ఉంది” అన్నాడు. నవ్వొచ్చింది, బాధ కూడా వేసింది. సాయం చేయడానికి పెట్టిన పేజీ అడ్డంపడితే ఎట్లా? లెక్కల పుస్తకంలో ఈ బాధ తక్కువ, సోషల్‌లో ఎక్కువ, సైన్సులో పాఠాన్ని బట్టి. ఆక్సిజన్ని ఆక్సిజన్ అనే రాస్తున్నారు, మంచిదే, ఆ తెలివి వాక్యం దాకా రాలేదు. గిడుగు వారి పుట్టినరోజు నాడు దండ బదులు ఒక పాఠం తీసుకుని మామూలు మాటల్లో తిరగరాస్తే ఆయన సంతోషిస్తారు.

రెండు, బరువు. పాఠం రెండుసార్లు ఉంటే పుస్తకం రెండింతలవుతుంది, ఇందులో రహస్యమేం లేదు. సెమిస్టర్ల వారీగా విడగొట్టి కొంత తగ్గించారు. అయినా హైస్కూలు పిల్లలు టైంటేబుల్ చూసుకోకుండా అన్నీ పెట్టుకెళ్తే సంచి మోయలేరు. పక్కపక్క పేజీలు సరితూగాలి కాబట్టి ఒకదాంట్లో ఖాళీ మిగులుతుంది, ఇంకోదాంట్లో అక్షరాలు కిక్కిరిసిపోతాయి. సాయంత్రం ట్యూబులైటు కింద ఆ కిక్కిరిసిన పేజీ చదవడం కష్టం.

మూడోది పుస్తకం లోపం కాదు, వాడకం లోపం, నా అసలు కోపం అంతా దీని మీదే. ఏ బడి అని పేరు పెట్టను, కానీ పైతరగతి పిల్లల దగ్గర్నుంచి కింది తరగతివాళ్లకు వచ్చిన పాత పుస్తకాలు కొన్ని నా దగ్గర తెరిచి చూశాను. ఇంగ్లీషు పేజీల నిండా పెన్సిల్ బ్రాకెట్లు. “ఇక్కణ్నుంచి ఇక్కడికి మూడో ప్రశ్నకు జవాబు” అని అటు చివర ఒక బ్రాకెట్టు, ఇటు చివర ఒకటి, పక్కన నంబరు, ముఖ్యమైనదైతే రెండు స్టార్లు. తెలుగు పేజీలో ఒక్క గీత లేదు. గాంధీ గారికి కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు గీశారు, అంతే. అంటే బడిలో ఆ పేజీ తెరిచి మాట్లాడింది లేదు. బ్రాకెట్లు పెట్టించుకుని, ఆ ముక్క బట్టీ కొట్టి, పరీక్షలో దించేయడం. ఆ కలెక్టరు 1823లో రాసింది ఇదే. రెండు భాషలు అచ్చేసి చేతికిచ్చినా మనం ఒకదాన్ని పద్యంలా వల్లించడానికే వాడుకుంటున్నాం.

దీనికి విరుగుడు ఉంది, చూశాను కూడా. మా పక్క మండలంలో ఒక సైన్సు సారు, ముందు తెలుగు పేజీ పిల్లలతోనే చదివించి, పుస్తకం మూయించి, మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి అంటాడట. అది అయ్యాకే ఇంగ్లీషు పేజీ, వాక్యం వాక్యం, ఏ మాట దేనికో పిల్లలే చెప్పాలి. ఆయన దగ్గర చదివిన ఇద్దరు ముగ్గురు ఇప్పుడు మా దగ్గరికి వస్తారు, వాళ్లు జవాబు సొంతంగా రాస్తారు, ఇంగ్లీషు తప్పులతోనే రాస్తారు, అయినా అది వాళ్ల జవాబు. ఆయనా తెలుగు మీడియంలో చదివినవాడే. ట్రైనింగుల్లో గంటలకొద్దీ స్లైడ్లు చూపించే బదులు ఇట్లాంటి సారును నలభై నిమిషాలు క్లాసు చెప్పించి అందరికీ చూపిస్తే చాలు అనిపిస్తుంది.

పరీక్ష దగ్గర కూడా ఒక మాట. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి రాసిన ఆరు లక్షల పైచిలుకు మందిలో తెలుగు మీడియంలో రాసినవాళ్లు 51 వేల మందే. ఈ అంకె చూసి తెలుగు పేజీ అనవసరం అని తేల్చేవాళ్లు తయారవుతారు, ముందే చెబుతున్నా. రాసే భాష ఇంగ్లీషు అయినంత మాత్రాన అర్థం చేసుకునే భాష మారిపోదు. ఇంగ్లీషులో రాసిన మిగతావాళ్లలో సర్కారు బడి పిల్లలకు ఎదురు పేజీ ఎంత పనికొచ్చిందో ఏ రిజల్టు షీటూ చూపించదు, వాళ్ల వేలిముద్రలు ఏ పేజీ మీద ఉన్నాయో చూడాలి.

ఇంట్లో వాడాలనుకునేవాళ్లకు నా వాడకం చెప్తాను. పాఠం మొదటిసారి తెలుగు పేజీలోనే చదివించండి, పైకి చదివించండి. “పిలువబడుతుంది” దగ్గర ఆగితే “అంటారు” అని మార్చి చదవమనండి, ఏ దేవుడూ కోప్పడడు. తర్వాత ఇంగ్లీషు పేజీ. తెలియని మాటకు పైన పెన్సిల్‌తో తెలుగు రాసుకోనివ్వకండి, కన్ను ఎదురు పేజీకి వెళ్లి వెతికి తెచ్చుకోవాలి, ఆ వెతుకులాటలోనే మాట గుర్తుంటుంది. లెక్కలకైతే తిరగేసి, ఇంగ్లీషు ముందు, ఆగిపోతేనే తెలుగు. గైడ్లు, ఆల్ ఇన్ వన్‌లు కొనకండి, నాలుగైదు వందలు పెట్టి కొన్న గైడులో ఉండేది బ్రాకెట్లు పెట్టిన ముక్కలే.

తర్వాతి అచ్చులో నాకు కావాల్సినవి పెద్ద కోరికలేం కావు. ప్రతి పాఠం చివర రెండు భాషల మాటల పట్టిక ఒకటి. తెలుగు పేజీ రాసేటప్పుడు ఇంగ్లీషు పేజీ మూసి, తరగతిలో పిల్లలకు చెప్పినట్టు రాసే మనిషి ఒకరు, ఆ మనిషి అనువాదకుడు కాకపోయినా ఫరవాలేదు, బళ్లో పాఠం చెప్పేవాళ్లయితే మేలు. ఇంకోటి, ఇదే పద్ధతిలో ఇంటర్ మొదటి ఏడాదికి కూడా పుస్తకం. పది దాకా చెయ్యి పట్టుకుని నడిపించి, ఇంటర్ గేటు దగ్గర వదిలేస్తే పాత కథే. నా పక్కన కూర్చున్న ఇద్దరూ మానేసింది అక్కడే.

మార్కులు: లెక్కల పుస్తకానికి అయిదుకు నాలుగున్నర. సైన్సుకు మూడున్నర, తెలుగు బాగుచేస్తే అరమార్కు కలుపుతాను. సోషల్‌కు మూడు. బడుల్లో వాడకానికి రెండు ఇవ్వడానికి కూడా చెయ్యి రావడం లేదు, ఆ సైన్సు సారు మొహం చూసి ఇస్తున్నాను.

ప్రైవేటు బడి పిల్లల తల్లిదండ్రులు జిరాక్సులకు డబ్బులు తగలేయక్కర్లేదు. బడి పుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్లో పీడీఎఫ్‌లు ఉచితంగా ఉంటాయి, మీ పిల్లల సిలబస్ వేరైనా లెక్కలు, సైన్సు పాఠాలు చాలామటుకు కలుస్తాయి. ఫోన్లో చూస్తే ఎదురెదురు పేజీలు విడిపోతాయి, కంప్యూటర్ ఉంటే రెండు పేజీలు పక్కపక్కన వచ్చేలా పెట్టుకుని చూడండి.